ముడి విప్పాలంటే ఇద్దరూ ఉండాలి

యూట్యూబ్‌లో తెలుగులో ‘హోపోనోపోనో’ అని కొడితే వీడియోలు బారులు తీరతాయి. ‘ఐ యామ్ సారీ, ప్లీజ్ ఫర్గివ్ మీ, థాంక్యూ, ఐ లవ్ యూ’ అనే నాలుగు ముక్కలు రోజూ పడుకునే ముందు జపంలా అనుకుంటే అప్పులు తీరతాయని, అలిగి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని, టెన్షన్ పోతుందని చెబుతారు. ఇది హవాయి దీవుల ప్రాచీన రహస్యమని కూడా చెబుతారు. ఇందులో ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, ఎవరికి క్షమాపణ చెబుతున్నామో వాళ్ళకి ఆ సంగతి తెలియక్కర్లేదు. ఫోన్ చేయక్కర్లేదు, వాళ్ళ గడప తొక్కక్కర్లేదు. దుప్పటి కప్పుకుని మనసులో అనుకుంటే చాలు.

పసిఫిక్ సముద్రంలో ఇప్పుడు అమెరికా రాష్ట్రంగా ఉన్న హవాయిలో, మూలవాసుల ఇళ్ళలో ఇదే పేరుతో తరతరాలుగా జరుగుతూ వచ్చిన వ్యవహారం చూస్తే, ఈ జపం దాన్ని తలకిందులు చేసిందని అర్థమవుతుంది. అక్కడ గొడవపడ్డవాళ్ళంతా ఒకేచోట కూర్చోవాలి. అందరి ముందూ నిజం చెప్పాలి. నష్టం జరిగితే పూడ్చాలి. ఎదుటి మనిషి విడిచిపెట్టానని నోటితో అనేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఆ పేరు అసలు పలకాల్సిన తీరు హోఓపోనోపోనో. పోనో అంటే సరైనది, ఉండాల్సిన తీరులో ఉన్నది. మన ‘ధర్మం’ ఛాయ కొంత ఉంది. ముందున్న ‘హోఓ’ ఒక పనిని చేయడాన్ని, చేయించడాన్ని సూచించే ముక్క. మొత్తం కలిపితే చక్కబెట్టడం, సరిదిద్దడం. ఇందులో మంత్రతంత్రాల వాసనేమీ లేదు, ఇల్లు సర్దడానికీ ఈ మాటే వాడొచ్చు. హవాయి భాషలో పత్రికా సంపాదకుణ్ణి ‘లునా హోఓపోనోపోనో’ అంటారు. చిత్తుప్రతిలో తప్పులు దిద్దేవాడికీ కుటుంబంలో తప్పులు దిద్దే సభకీ ఒకటే మాట కావడం ఆ పద్ధతి గురించి చాలా చెబుతుంది.

సభ ఎలా నడుస్తుందో ఒక ఊహాచిత్రంతో చూడొచ్చు. ఒక ఇంట్లో తమ్ముడు అన్నని అడగకుండా పడవ తీసుకెళ్ళి ఇంజన్ పాడుచేశాడనుకుందాం. అన్న నలుగురిలో నోరు జారాడు. తోడికోడళ్ళు మాటలు మానేశారు. పిల్లలు కలిసి ఆడుకోవడం ఆగిపోయింది. జరిగిన తప్పుని హవాయి భాషలో హలా అంటారు. ఆ తప్పు చుట్టూ అల్లుకున్న ఈ మొత్తం చిక్కు హిహియా. తప్పు చేసినవాడూ దెబ్బ తిన్నవాడూ ఒకే తాడుతో కట్టుబడి ఉంటారని, ఒకరు గింజుకుంటే రెండోవారికీ ముడి బిగుస్తుందని వాళ్ళ లెక్క. కక్ష పెట్టుకోవడానికి వాళ్ళ మాట హోఓమౌహలా. హలాని పోనివ్వకుండా అలాగే నిలిపి ఉంచుకోవడం అని అర్థం. అంటే కక్ష కట్టినవాడి చేతిలో కూడా ఆ తాడు కొస ఒకటి ఉంది.

సభ నడిపే మనిషిని హకు అంటారు. ఆ ఇంటి పెద్ద కావచ్చు, రెండువైపులా నమ్మకమున్న బయటివాళ్ళు కావచ్చు. ముందు ప్రార్థన. ఆ తర్వాత ఎందుకు కూర్చున్నారో హకు చెప్పి, నిజమే మాట్లాడతామని, మధ్యలో లేచిపోమని అందరి చేతా ఒప్పించుకుంటాడు. అసలు కిటుకు ఇక్కడినుంచి మొదలవుతుంది. మాటలన్నీ హకుతోనే. అన్న తమ్ముడి వైపు తిరిగి ‘నువ్వే కదరా’ అనడానికి వీల్లేదు. ‘వాడు నన్ను అడగలేదు’ అని హకుకి చెప్పాలి. తమ్ముడూ అంతే. వినడానికి చిన్న నియమంలా ఉంటుంది గానీ, ఇంట్లో గొడవలు చూసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. ‘నువ్వు’ అనే మాట ‘వాడు’గా మారగానే కేకల్లో సగం బలం తగ్గిపోతుంది. మాట మూడో మనిషి చెవిగుండా వెళ్ళి రెండో మనిషికి చేరుతుంది కాబట్టి వినేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఆపైన పొరలు తీయడం, దాని పేరు మహికి. ఒకసారికి ఒకటే సంగతి. పడవ పొర తీస్తే దాని కింద తండ్రి అంత్యక్రియల ఖర్చు ఎవరు పెట్టారన్నది బయటపడొచ్చు. దాని కింద చిన్నప్పుడు అమ్మ ఎవరిని ఎక్కువ చూసుకుందన్నది ఉండొచ్చు. కోపాలు పెరిగితే హకు ‘హోఓమాలు’ అంటాడు, అంటే అందరూ మౌనంగా ఉండాలి. కొంతసేపు కావచ్చు, సభ మర్నాటికి వాయిదా పడొచ్చు. ఆ వ్యవధిలో బయట ఎవరితోనూ ఈ విషయం చర్చించకూడదు. అమ్మలక్కల కబుర్లకి చోటివ్వకపోవడం కూడా మౌనంలో భాగమే.

చివరికి మిహి. తప్పు ఒప్పుకుని క్షమించమని అడగడం. ఇంజన్ పాడైంది కాబట్టి అది ఎలా బాగుచేయిస్తాడో కూడా తమ్ముడు అక్కడే చెప్పాలి. అన్న కూడా నలుగురిలో అన్న మాటకి మిహి చెప్పుకోవాలి. అప్పుడు కలా, అంటే ముడి విప్పి వదిలేయడం. ఈ చోట చెప్పే మాటల సారం ఇది: ‘ఈ తప్పునుంచి నిన్ను విప్పేస్తున్నాను, దానితో నేనూ విడుదల కావాలి.’ క్షమించేవాడు పైమెట్టు మీద నిలబడి దయ చూపించడం ఇందులో కుదరదు. విప్పితే ఇద్దరూ విడుదలవుతారు, లేకపోతే ఇద్దరూ కట్టుబడే ఉంటారు. పూర్వం ఈ సభల్లో లిము కలా అనే సముద్రపు నాచుని కలిసి తినేవారు. దాని పేరులోనే విడుదల ఉంది. ఆ తర్వాత ముగింపు ప్రార్థన, అందరూ కలిసి భోజనం. ఆ భోజనం అయ్యాక ఆ గొడవ మళ్ళీ ఎత్తకూడదు.

మన రచ్చబండ పంచాయితీతో పోల్చబుద్ధేస్తుంది గానీ ఒక తేడా ఉంది. హకు తీర్పు చెప్పడు, జరిమానా వేయడు. ఎవరు గెలిచారన్న ప్రశ్నకి ఆ సభలో చోటే లేదు.

ఇదంతా ఇంత వివరంగా ఇవాళ తెలుస్తోందంటే దాని వెనక ఒక రాణి వీలునామా లాంటి పత్రం, ఒక పండితురాలి జ్ఞాపకశక్తి ఉన్నాయి. హవాయి ఆఖరి రాణి లిలియుఓకలానీ 1909లో తన ఆస్తిని అనాథ పిల్లల కోసం ట్రస్టుగా రాసింది. ఆ ట్రస్టు నడిపే పిల్లల సంస్థలో 1960లలో సోషల్ వర్కర్లకి ఒక ఇబ్బంది ఎదురైంది. అమెరికన్ కాలేజీల్లో నేర్చుకున్న మనస్తత్వశాస్త్రం హవాయి కుటుంబాల దగ్గర సరిగ్గా పనిచేయడం లేదు. జనం చెప్పే మాటలు, కలలు, భయాలు వాళ్ళ పుస్తకాల్లో లేవు. దాంతో ఒక కమిటీ వేసుకుని, మేరీ కవేనా పుకూయిని పిలిచి కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టారు. ఆమె 1895లో పుట్టింది. పెద్దదీవిలోని కావూ ప్రాంతంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. అప్పటికే హవాయి–ఇంగ్లీషు నిఘంటువు తయారుచేసిన ఇద్దరిలో ఒకరు. తన ఇంట్లో హోఓపోనోపోనో ఎలా జరిగేదో ఆమె చెబుతుంటే మానసిక వైద్యుడు హేర్టిగ్, కాథరీన్ లీ కలిసి రాసుకున్నారు. అలా 1972లో ‘నానా ఇ కే కుము’ మొదటి సంపుటం వచ్చింది. మూలం వైపు చూడు అని ఆ పేరుకి అర్థం. ఆనాటికి చాలా హవాయి ఇళ్ళలో ఈ సభలు ఆగిపోయాయి. పుస్తకం చదివి మళ్ళీ మొదలుపెట్టిన కుటుంబాలున్నాయి.

ఆ ఆగిపోవడానికి కారణాల్లో బడి ఒకటి. 1896లో వచ్చిన చట్టం బడుల్లో బోధన ఇంగ్లీషులోనే ఉండాలంది. హవాయి భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. భాష పోతే హిహియా, మహికి లాంటి మాటలు పోతాయి. మాటలు పోయాక వాటితో చేసే పని ఎవరికి గుర్తుంటుంది?

నాలుగు వాక్యాల జపం మరో దారిన వచ్చింది. మోర్నా సిమియోనా (1913–1992) అనే సంప్రదాయ వైద్యురాలు ఈ పద్ధతిని మార్చి, ఒక్కరే చేసుకునే అంతరంగ సాధనగా మలిచింది. హవాయిలో ఆమెకి మంచి గౌరవమే ఉంది. 1983లో ‘సజీవ సంపద’గా సత్కరించారు. ఆమె శిష్యుడి ద్వారా అది అమెరికన్ స్వయంసహాయక పుస్తకాల మార్కెట్‌లోకి వెళ్ళింది. 2007లో వచ్చిన ‘జీరో లిమిట్స్’ అనే పుస్తకం దాన్ని ప్రపంచమంతా తిప్పింది. తిరుగుతూ తిరుగుతూ హకు పోయాడు, తమ్ముడు పోయాడు, ఇంజన్ బాగుచేయించే ఖర్చు పోయింది. మిగిలింది నాలుగు ముక్కలు. మనశ్శాంతి కోసం ఎవరైనా అనుకుంటే తప్పులేదు, దాన్ని కాదనడం ఈ వ్యాసం పని కాదు. కానీ దానికి హవాయివాళ్ళ రాజీ పద్ధతి అని పేరు పెట్టడం మాత్రం పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి ఫొటో తీయించుకోవడం లాంటిది.

అసలు పద్ధతిలోనూ చిక్కులున్నాయి. భార్యని కొట్టే భర్త, భయంతో నోరు తెరవలేని భార్య ఒకే సభలో కూర్చుంటే ఎవరు నిజం చెబుతారు? హకుగా కూర్చున్నది ఆ భర్త మేనమామే అయితే? కుటుంబం కలిసుండాలన్న ఒత్తిడి బలహీనుల మీదే పడుతుంది. అందరూ సమానంగా మాట్లాడగలిగే చోట మాత్రమే ఈ సభకి అర్థం ఉంటుంది. అలా లేనిచోట ముందు రక్షణ, తర్వాతే రాజీ.

అలాగే పూర్వపు హవాయి శాంతినిలయం అనుకుంటే పొరపాటే. అక్కడ యుద్ధదేవుడున్నాడు, నరబలులున్నాయి, ఎముకలు విరిచే లువా అనే యుద్ధవిద్య ఉంది. కమెహమెహా అనే రాజు దీవుల్ని ఏకం చేసింది నెత్తుటితోనే. కపు అనే నిషేధాలు దాటితే మరణశిక్ష. ఇంత కఠినమైన వ్యవస్థ కాబట్టే దానిలోంచి బయటపడే తలుపులు కూడా వాళ్ళే పెట్టుకున్నారు. మకహికి అనే నాలుగు నెలల పండుగ కాలంలో యుద్ధం నిషిద్ధం. పూహోనువా అనే శరణుస్థలాలు ఉండేవి. పెద్దదీవి పడమటి తీరాన హోనౌనౌలో అలాంటిదొకటి ఇప్పటికీ చూడొచ్చు. సున్నం లేకుండా నల్లటి లావా రాళ్ళు పేర్చి కట్టిన గోడ, దాదాపు 1,000 అడుగుల పొడవు, 17 అడుగుల మందం. చావు తప్పించుకుని పరిగెత్తో, సముద్రంలో ఈదో ఆ గోడ లోపలికి చేరిన మనిషిని వెంటాడేవాడు ముట్టుకోకూడదు. లోపల పూజారి శుద్ధి చేస్తాడు. ఆ మనిషి మళ్ళీ ఊళ్ళోకి మామూలుగా వెళ్ళిపోతాడు. ఈ ‘మామూలుగా వెళ్ళిపోవడం’ గమనించాల్సింది. ముద్ర వేసి పంపరు.

కమెహమెహా పేరుమీదే ఇంకో కథ ఉంది. యువకుడిగా ఉన్నప్పుడు పూనా తీరంలో ఇద్దరు జాలరుల్ని తరిమాడు. లావా రాళ్ళ సందులో కాలు ఇరుక్కుంది. ఒక జాలరి తెడ్డుతో నెత్తిమీద కొడితే తెడ్డు ముక్కలైంది. చంపగలిగి కూడా చంపకుండా వెళ్ళిపోయాడు. ఏళ్ళ తర్వాత ఆ జాలరుల్ని పట్టుకొచ్చి ముందు నిలబెడితే, నిర్దోషుల మీదికి వెళ్ళిన తప్పు తనదేనని రాజు వాళ్ళని విడిచిపెట్టాడు. 1797 నాటిదని చెప్పే ‘విరిగిన తెడ్డు చట్టం’ అలా పుట్టింది: ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు దారిపక్కన నిర్భయంగా పడుకోగలగాలి. 1978లో దీన్ని హవాయి రాష్ట్ర రాజ్యాంగంలోకి తీసుకున్నారు. రాజధాని హొనొలులు పోలీసు బ్యాడ్జి మధ్యలో అడ్డంగా పెట్టిన తెడ్లు దాని గుర్తే. అదే హొనొలులులో 2014లో వైకికీ అనే ప్రాంతంలో కాలిబాటల మీద కూర్చోవడం, పడుకోవడం నేరమని ఆర్డినెన్సు తెచ్చారు. ఇళ్ళులేనివాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు తెడ్డు చట్టాన్ని గుర్తుచేయడం సహజమే.

ఇంటి గొడవ తీర్చే పద్ధతి దేశం గొడవకి పనికొస్తుందా? హవాయి చరిత్ర ఈ ప్రశ్నని 1893 నుంచి మోస్తోంది. ఆ ఏడు జనవరిలో చక్కెర తోటల ప్రయోజనాలున్న ఒక చిన్న వర్గం రాణిని దించేసింది. ఆ సమయానికి అమెరికన్ యుద్ధనౌక బోస్టన్ నుంచి 162 మంది సైనికులు హొనొలులులో దిగి ఉన్నారు. రాణి జనవరి 17న, సైన్యాలు తలపడి ప్రాణాలు పోకూడదని అధికారాన్ని వదులుకుంటున్నానని రాసింది. ఎవరికి వదిలిందన్నదే అసలు సంగతి. దించినవాళ్ళకి కాదు, అమెరికా ప్రభుత్వానికి. అది కూడా వాస్తవాలు తెలుసుకుని తనని తిరిగి నిలబెట్టేదాకా మాత్రమే. ఈ ఆశ గాల్లోంచి రాలేదు. 1843లో ఒక బ్రిటిష్ నౌకాధికారి ఇలాగే దీవుల్ని ఆక్రమిస్తే, అయిదు నెలల్లో అతని పై అధికారే వచ్చి రాజ్యం తిరిగి అప్పగించాడు. ఆనాడు మూడో కమెహమెహా అన్న మాట, ఈ నేల ప్రాణం పోనోలోనే నిలుస్తుందని, ఇవాళ్టి హవాయి రాష్ట్ర నినాదం. ఈసారి అలా జరగలేదు.

1895లో రాణి మద్దతుదారులు ఆయుధాలతో ఒకసారి ప్రయత్నించి ఓడారు. రాణిని ఆమె రాజభవనంలోనే ఒక గదిలో బంధించారు. ఆ తర్వాత జనం పట్టుకున్న ఆయుధం కాగితం. 1897లో దీవి దీవికీ తిరిగి, అమెరికాలో కలపొద్దని ఒక్క పిటిషన్ మీదే 21,269 సంతకాలు సేకరించారు. అప్పటికి మూలవాసుల జనాభా 40 వేల లోపే. ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్ళి సెనేటర్లని కలిశారు, విలీన ఒప్పందం ఆగింది. మరుసటి ఏడాది స్పెయిన్‌తో యుద్ధం రాగానే మామూలు తీర్మానంతో కలిపేసుకున్నారు. సంతకాల కాగితాలు వాషింగ్టన్ పత్రాగారంలో మూలపడిపోయాయి. 1996లో నొయెనొయె సిల్వా అనే పరిశోధకురాలు వాటిని వెలికితీసింది. మీ పెద్దలు ఎదురుచెప్పకుండా ఒప్పుకున్నారని బడిలో నేర్చుకున్న తరం, ఆ పేజీల్లో వేలుపెట్టి తమ ముత్తవ్వల పేర్లు వెతుక్కుంది. అహింసని నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఎవరు రాయగలరు?

ఈ పాఠం బాగా కనిపించింది మౌనా కేయా మీద. 13,803 అడుగుల ఈ పర్వతం మూలవాసులకి పవిత్రం. శిఖరం మీద ఇప్పటికే 13 టెలిస్కోపులు కట్టారు. వాటికి తోడు 30 మీటర్ల అద్దంతో ఇంకో పెద్ద టెలిస్కోపు కట్టాలన్నది ప్రతిపాదన. ఇందులో మన దేశం కూడా భాగస్వామి. 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దాని అద్దాల ముక్కలు కొన్నింటిని మెరుగుపెట్టే పని బెంగళూరు పక్కన హోస్కోటెలో పెట్టుకున్నారు. కాబట్టి అక్కడి గొడవ మనకి పూర్తిగా పరాయిది కాదు.

2019 జులైలో నిర్మాణ యంత్రాలు వస్తాయని తెలిసి, పర్వతం కిందనుంచి పైకి వెళ్ళే దారి మొదట్లో జనం చేరారు. ఆ చోటికి శరణుస్థలం అన్న పాత పేరే పెట్టారు: పూహోనువా ఓ పువుహులుహులు. అక్కడ అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ పాటించాల్సిన కట్టుబాటు ‘కపు అలోహా’. అలోహా అంటే ప్రేమ, ఆదరం. మందు, మత్తు పదార్థాలు వద్దు, ఆయుధం వద్దు, తిట్టు వద్దు. పోలీసుతో మాట్లాడినా మనిషితో మాట్లాడినట్టే. జులై 17న పోలీసులు వచ్చేసరికి దారికి అడ్డంగా కూర్చున్నది ముసలివాళ్ళు, కూపునాలు. కొందరు చక్రాల కుర్చీల్లో ఉన్నారు. యువకులు అడ్డం పడబోతే పెద్దలే ఆపారు. ఒక్కొక్కరినీ మోసుకెళ్ళి వాహనాల్లో ఎక్కించారు. 30 మందికి పైగా అరెస్టయ్యారు. మోసుకెళ్తున్న పోలీసుల్లో కొందరు వాళ్ళ చుట్టాలే. ఏడ్చినవాళ్ళు రెండువైపులా ఉన్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళు చేతులు కలుపుకుని వరసగా నిలబడ్డారు. ఆ రోజు యంత్రాలు పైకి వెళ్ళలేదు.

శిబిరం నెలల తరబడి నడిచింది. రోజుకి మూడుపూటలా ప్రార్థనలు, కీర్తనలు, హులా నాట్యం. ఉచిత భోజనం, వైద్య శిబిరం. ఇంకా చెప్పాల్సింది అక్కడ పుట్టిన బడి గురించి. పువుహులుహులు యూనివర్సిటీ అని పేరు పెట్టుకుని, లావా రాళ్ళ మీద కూర్చోబెట్టి భాష, చరిత్ర, చట్టం, అహింసాత్మక ప్రతిఘటన పాఠాలు చెప్పారు. రాదలుచుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు, ఫీజు లేదు. పాఠం అయ్యాక దాన్ని వంద గజాల దూరంలో, పోలీసుల ఎదురుగా, ఆచరించి చూపించాలి. ప్రాక్టికల్స్ ఇంత దగ్గరగా ఉన్న విశ్వవిద్యాలయాలు అరుదు.

కపు అలోహా మీద మూలవాసుల్లోనే విమర్శలున్నాయి. దెబ్బ తిన్నవాడినే మర్యాదగా ఉండమనడం ఏమిటన్నది వాటిలో గట్టిది. విమర్శలో పస ఉంది. కానీ ఇంటి సభ తర్కంతో చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. హకు ఎదుట ‘నువ్వు’ అనకుండా ‘వాడు’ అనడం ఎలాగో, దారిమీద తిట్టకుండా కూర్చోవడం అలాగ. సమస్యని వదిలేయడం లేదు, దారీ వదలడం లేదు. ఎదుటివాడికి కోపాన్ని సాకుగా అందించడం లేదు, అంతే. ఫలితం కొంత ఉంది: 2022లో పర్వతం నిర్వహణకి రాష్ట్రం చట్టం చేసి కొత్త సంస్థని పెట్టి, అందులో మూలవాసులకి చోటిచ్చింది. అంతకుముందు దశాబ్దాలపాటు నిర్వహణ యూనివర్సిటీ చేతిలో ఉండేది.

ప్రభుత్వం చేతికొచ్చేసరికి ఇదే విలువ ఎలా మారుతుందో కూడా చూడాలి. 1986 నుంచి హవాయిలో ‘అలోహా స్ఫూర్తి’ ఒక చట్టం. పిలాహి పాకీ అనే పండితురాలి మాటల ఆధారంగా మృదుత్వం, ఐక్యత, ఆహ్లాదం, వినయం, ఓర్పు అనే అయిదు గుణాల్ని అందులో రాశారు. అధికారులు పని చేసేటప్పుడు వీటిని దృష్టిలో పెట్టుకోవచ్చునంటుంది. 2015లో విద్యామండలి బడులన్నింటికీ ‘నా హోపెనా ఆవో’ అనే చట్రం ఆమోదించింది. తనవాళ్ళ మధ్య ఉన్నానన్న భావన, బాధ్యత, అలోహా వగైరా మార్కులకి అందని లక్షణాలు పిల్లల్లో పెంచాలని దాని ఉద్దేశం. పోస్టర్లు అందంగా ఉంటాయి. మరోవైపు 2010లో హవాయి వ్యవహారాల కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం జనాభాలో 24 శాతమున్న మూలవాసులు జైళ్ళలో 39 శాతం. జైళ్ళు చాలక 1995 నుంచి ఖైదీల్ని సముద్రం దాటించి అమెరికా ప్రధాన భూభాగంలోని ప్రైవేటు జైళ్ళకి పంపుతున్నారు. తల్లి వచ్చి చూడలేనంత దూరాన కొడుకుని ఉంచి, రాజీ సభలో ఒకేచోట కూర్చోమంటే ఎలా కుదురుతుంది?

హవాయి శాంతి పాఠం బయటికి వెళ్ళిన సందర్భాలు కొన్ని చెప్పుకోదగ్గవి. 1965లో నల్లజాతివారి ఓటుహక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచిన మార్టిన్ లూథర్ కింగ్ మెడలో ఉన్న తెల్లటి పూలదండ హొనొలులు కవాయహాఓ చర్చి పాస్టర్ అబ్రహాం అకాకా పంపింది. హవాయి విశ్వవిద్యాలయంలో రాజకీయశాస్త్రం చెప్పిన గ్లెన్ పేజ్ (1929–2017) మూలవాసి కాడు. కొరియా యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, ఆ యుద్ధంలోకి అమెరికా దిగడాన్ని సమర్థించే పుస్తకం 1968లో రాశాడు. 1977లో తన పుస్తకాన్ని తానే విమర్శిస్తూ, అందులో తన విలువలు ఎక్కడ తప్పాయో తన రంగంలోని ప్రధాన పత్రికలో వ్యాసం అచ్చువేశాడు. ఆ తర్వాతి జీవితమంతా చంపడం అవసరం లేని సమాజం సాధ్యమేనా అన్న ఒక్క ప్రశ్న మీదే పనిచేసి, దానికోసం హొనొలులులో ఒక కేంద్రం పెట్టాడు. పండితులు ఇతరుల తప్పులు చూపించడం రోజూ జరిగేదే. అచ్చయిన తన పుస్తకానికి తానే మిహి చెప్పుకోవడం ఎంతమంది చేశారు?

రాజ్యం కూడా ఒకసారి మిహి చెప్పింది. రాణిని దించిన నూరేళ్ళకి, 1993 నవంబరులో అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది, అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టాడు. దించడంలో అమెరికా ప్రతినిధుల పాత్ర ఉందని, మూలవాసులు తమ సార్వభౌమత్వాన్ని ఎన్నడూ నేరుగా వదులుకోలేదని అందులో ఒప్పుకున్నారు. ఇంటి సభ మెట్లతో కొలిస్తే ఇది చిన్నదేమీ కాదు. పొరలు తీశారు, నిజం చెప్పారు. అయితే తీర్మానం చివర ఒక వాక్యం ఉంది: దీన్ని ఏ దావాకీ పరిష్కారంగా లెక్కించకూడదు. 2009లో హవాయి రాజ్యం కాలం నాటి భూముల అమ్మకం మీద కేసు అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. దాదాపు 12 లక్షల ఎకరాల సంగతి అది. క్షమాపణలోని ఒప్పుకోళ్ళకి చట్టబలం లేదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. తమ్ముడు తప్పు ఒప్పుకున్నాడు, ఇంజన్ ఖర్చు దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళిపోయాడు. కలా దాకా సభ నడవలేదు.

సగం నడిచిన సభ ఎలా ఉంటుందో కంటికి కనిపించే చోటు కహోఓలావే. మావీ దీవికి ఎదురుగా 45 చదరపు మైళ్ళ చిన్న దీవి. 1941 నుంచి అమెరికా నౌకాదళం దాన్ని బాంబులు వేసి గురిచూసుకోవడానికి వాడుకుంది. 1976 జనవరిలో తొమ్మిదిమంది నిరసనకారులు పడవలో వెళ్ళి ఆ దీవి మీద కాలుపెట్టారు. ఆ తర్వాత చాలామంది వెళ్ళారు, అరెస్టయ్యారు, మళ్ళీ వెళ్ళారు. 1977 మార్చిలో జార్జ్ హెల్మ్ అనే గాయకుడు, కిమో మిచెల్ సముద్రంలో కనిపించకుండా పోయారు. ఉద్యమం తుపాకీ పట్టలేదు. నేలని ప్రేమించడం అనే అర్థమున్న ‘అలోహా ఆయినా’ అన్న మాట పట్టుకుంది. దీవి మీద మకహికి పండుగ మళ్ళీ మొదలుపెట్టింది. 1990లో బాంబులు ఆగాయి, 1994లో దీవి రాష్ట్రం చేతికొచ్చింది. అక్కడ వ్యాపారం నిషిద్ధం. హవాయి మూలవాసుల సార్వభౌమ ప్రభుత్వం అంటూ ఒకటి గుర్తింపు పొందిన రోజున దానికి అప్పగించాలని రాష్ట్రచట్టంలో రాసుకున్నారు.

శుభ్రం చేసే పనికి నౌకాదళానికి ఇచ్చిన గడువు 2003తో ముగిసింది. అప్పటికి దీవి ఉపరితలంలో 75 శాతం మీద బాంబులు ఏరారు. నేలలోపల నాలుగడుగుల లోతు దాకా ఏరింది 10 శాతమే. మిగతా పావువంతు ముట్టుకోనేలేదు. ఇప్పుడు వాలంటీర్లు వెళ్ళి ఎండిపోయిన ఆ ఎర్రమట్టిలో గడ్డి, మొక్కలు నాటుతున్నారు. దిగేముందు వాళ్ళకి భద్రతా జాగ్రత్తలు చెబుతారు: ఏరిన మేర దాటి అడుగు పెట్టొద్దు, నేలమీద ఇనపముక్క ఏది కనిపించినా వంగి తీయొద్దు.